మార్కెట్ ఉంచి యజమానిని తీసేస్తే సామర్థ్యం, సమానత్వం రెండూ దక్కుతాయా?

రవళి_కె

అందరికీ నమస్కారం. ఎమ్మే ఎకనామిక్స్ చదువుతున్నాను. మార్కెట్ సోషలిజం మీద సెమినార్ పేపర్ రాయాలి. నాకు అర్థమైనంతవరకు విషయం ఇది: సరుకులు మార్కెట్లోనే అమ్ముడవుతాయి. ధరలుంటాయి, పోటీ ఉంటుంది, ఎవరికి నచ్చిన ఉద్యోగం వాళ్లు చూసుకుంటారు. ఫ్యాక్టరీలు, భూములు, యంత్రాలు మాత్రం ప్రైవేటు యజమానుల చేతిలో ఉండవు. అవి ప్రభుత్వానివో, అక్కడ పనిచేసేవాళ్లవో, మొత్తం జనానివో అవుతాయి. లాభం కొద్దిమంది జేబుల్లోకి పోదు కనుక సమానత్వం, పోటీ ఉంటుంది కనుక సామర్థ్యం. రెండూ చేతికొచ్చినట్టే అనిపిస్తుంది.

ఇది ఎక్కడెక్కడ ప్రయత్నించారో అక్కడ ఏదో ఒక చోట బెసికింది. ఆ బెసికిన చోటు ఏదో నాకు పట్టుబడటం లేదు. ఏదో ఒక జెండా పట్టుకున్న జవాబు కాకుండా, ఏ భాగం పనిచేస్తుంది, ఏ భాగం ఆగిపోతుంది అన్నది తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల_మాస్టారు

రవళీ, చరిత్ర నుంచి మొదలుపెడితే నీ పేపర్‌కి పునాది దొరుకుతుందమ్మా.

1908లోనే ఎన్రికో బరోనే అనే ఇటలీ ఆర్థికవేత్త ఒక సంగతి తేల్చాడు. ఉత్పత్తి మొత్తం ఒక మంత్రిత్వ శాఖ చేతిలో ఉన్నా, వనరులు వృథా కాకూడదంటే ఆ శాఖ సాధించాల్సిన సమీకరణాలు పోటీ మార్కెట్ సమీకరణాల్లాగే ఉంటాయి. 1920లో లుడ్విగ్ ఫాన్ మీజెస్ అడ్డం తిరిగాడు. యంత్రాలను కొనడం, అమ్మడం లేని చోట యంత్రానికి ధర ఉండదు. ధర లేకపోతే ఏ పద్ధతి చవకో ఏది దండగో లెక్క కట్టడమే కుదరదన్నాడు.

దానికి బాగా పేరొచ్చిన జవాబు పోలండ్ ఆర్థికవేత్త ఆస్కార్ లాంగేది, 1936-37లో. ఆయన పద్ధతిలో తిండి, బట్టలు, ఉద్యోగాలకు మామూలు మార్కెట్ ఉంటుంది. యంత్రాలకు, ముడిసరుకులకు మాత్రం ప్లానింగ్ బోర్డు ఒక ధర ప్రకటిస్తుంది. మేనేజర్లకు రెండే సూత్రాలు: ఉన్న ధరల్లో అతి తక్కువ ఖర్చయ్యే పద్ధతి ఎంచుకోవాలి, ఇంకొక్క యూనిట్ తయారీకి అయ్యే ఖర్చు ధరతో సమానమయ్యేదాకా ఉత్పత్తి చేయాలి. ఆ తర్వాత బోర్డు గోడౌన్లు చూస్తుంది. సరుకు పేరుకుపోతే ధర తగ్గిస్తుంది, చాలకపోతే పెంచుతుంది. సమీకరణాలన్నీ ఒకేసారి సాధించనక్కర్లేదు, సర్దుకుంటూ పోతే చాలు. భూమి మీద, పెట్టుబడి మీద వచ్చే రాబడిని సామాజిక డివిడెండ్‌గా జనానికి పంచుతారు.

లాంగే అక్కడితో ఆగలేదు. పెట్టుబడిదారీ విధానం కన్నా ఇదే మెరుగని వాదించాడు. గుత్త కంపెనీ సరుకు తగ్గించి ధర పెంచే ఆట ఇక్కడ సాగదు. ఒక ఫ్యాక్టరీ వల్ల చుట్టుపక్కలవాళ్లకు జరిగే నష్టాన్ని కూడా బోర్డు లెక్కలోకి తీసుకోగలదు.

కాగితం మీద ఈ వాదన చాలా గట్టిది. ఇప్పటికీ దాన్ని గణితంతో పడగొట్టడం అంత తేలిక కాదు.

ఎదురీత

మాస్టారూ, గణితంతో పడగొట్టనక్కర్లేదండీ. ఆస్ట్రియాలో పుట్టిన ఆర్థికవేత్త హయెక్ 1945లో చేసిందదే, ప్రశ్ననే మార్చేశాడు.

లాంగే లెక్కలో ప్రతి మేనేజర్‌కీ తన ఖర్చు ఎంతో ముందే తెలుసు. అసలు ఖర్చెంతో తెలుసుకోవడమే వ్యాపారంలో సగం పని. ఏ సప్లయర్ మాట మీద నిలబడతాడు, ఏ యంత్రం కాస్త మారిస్తే వేరే పనికి వస్తుంది, ఏ ఊళ్లో సరుకు ఖాళీగా పడి ఉంది, ఇవన్నీ ఫారాలు నింపి బోర్డుకు పంపగలిగే సంగతులు కావు. ఆ చోట, ఆ పూట, ఆ పనిలో ఉన్న మనిషికే తెలుస్తాయి. ఆ ముక్కలు ముక్కల సమాచారాన్ని ధర రూపంలో ఒకచోటికి తెచ్చేది పోటీ.

ఇంకోటి. మేనేజర్ ఆ రెండు సూత్రాలు పాటించాడో లేదో బోర్డుకు ఎలా తెలుస్తుంది? ఖర్చు ఎక్కువైందని అతను రాసిస్తే అది నిజమా, బద్ధకమా అని తేల్చాలంటే పక్కన తక్కువ ఖర్చుతో చేసి చూపించే పోటీదారుడు ఉండాలి. ఆ పోటీదారుడు ఎవరి డబ్బుతో వస్తాడు? కొత్త ఆలోచన ఉన్న మనిషి ఎవరి అనుమతి అడగాలి? లాంగే రచనలో దీనికి సరైన జవాబు లేదు.

సుజాత_వి

అవన్నీ 1940ల నాటి వాదనలు కదండీ. ఇప్పుడు పెద్ద పెద్ద ఆన్‌లైన్ కంపెనీలు కోట్ల వస్తువుల నిల్వలు, ధరలు నిమిషాల మీద మారుస్తున్నాయి. బోర్డు చేయలేనిదేముంది? కంప్యూటర్లతో హయెక్ సమస్య తీరిపోలేదా?

లెక్కల_మాస్టారు

సుజాత గారూ, లాంగే కూడా చివరి రోజుల్లో సరిగ్గా ఇదే అన్నాడు. ఆయన 1965లో పోయాడు, ఆ వ్యాసం 1967లో అచ్చయింది. మార్కెట్ అంటే ఎలక్ట్రానిక్ యుగానికి ముందటి లెక్కల యంత్రమే కదా, ఆ సమీకరణాలు కంప్యూటర్‌కు ఇస్తే జవాబు వెంటనే వస్తుందని ఆయన అభిప్రాయం. అప్పటికే సోవియట్ యూనియన్‌లో కాంటరోవిచ్ లీనియర్ ప్రోగ్రామింగ్, అంటే పరిమితమైన వనరులను అన్నిటికన్నా మెరుగ్గా కేటాయించే గణిత పద్ధతి, కనిపెట్టి ఉన్నాడు. 1939లో, ప్లైవుడ్ ఫ్యాక్టరీలో యంత్రాల కేటాయింపు సమస్య కోసం. 1975లో ఆయనకు నోబెల్ కూడా వచ్చింది.

ఎదురీత

నిల్వల లెక్క వేరు, రేపు ఏం తయారు చేయాలన్నది వేరు సుజాత గారూ. మీరు చెప్పే కంపెనీల కంప్యూటర్లు జనం ఇప్పటికే కొంటున్న సరుకుల లెక్క అద్భుతంగా వేస్తాయి. ఇంకా పుట్టని సరుకు గురించి వాటి దగ్గర డేటా ఉండదు. పైగా ఆ కంపెనీలు కూడా పందెం తప్పితే తమ డబ్బే పోగొట్టుకుంటాయి. ఆ భయం కంప్యూటర్‌లో ఉండదు.

నడిరేయి

ఎదురీత గారి ఆఖరి వాక్యం దగ్గరే ఆగుదాం, అసలు విషయం అక్కడుంది. సమాచారం గురించి మనం గంటలు గంటలు వాదించుకోవచ్చు. చరిత్రలో మార్కెట్ సోషలిజం తడబడింది మాత్రం ఇంకో చోట. నష్టం ఎవరు భరించాలి అన్న చోట.

హంగరీ చూడండి. 1968 జనవరి 1న కొత్త ఆర్థిక విధానం మొదలైంది. ఏ ఫ్యాక్టరీ ఎంత తయారు చేయాలో పైనుంచి ఏటా వచ్చే ఆదేశాలు రద్దు చేశారు. సంస్థలు లాభం చూసుకుని నడవమన్నారు. ధరల్లో కొన్నిటిని వదిలేశారు. షాపుల్లో సరుకులు మెరుగయ్యాయి, పక్క దేశాల కన్నా అక్కడి బతుకు నయమని పేరొచ్చింది. దీన్ని తక్కువ చేయకూడదు.

అయితే లాభం ఎక్కువ వచ్చిన సంస్థ నుంచి ఏదో ఒక పన్ను పేరుతో తీసుకునేవారు. నష్టం వచ్చినదానికి సబ్సిడీ ఇచ్చేవారు, పన్ను మినహాయించేవారు, తీర్చకపోయినా ఫర్వాలేదన్నట్టు అప్పిచ్చేవారు, కాదంటే ధర పెంచుకోనిచ్చేవారు. ఆర్థికవేత్త యానోష్ కోర్నాయ్ దీన్నే 'సాఫ్ట్ బడ్జెట్' సమస్య అన్నాడు. ఆయన బయటినుంచి రాళ్లు వేసిన మనిషి కాదు, హంగరీలోనే ఉండి చూసి రాశాడు. ఖర్చు ఆదాయాన్ని దాటినా సంస్థ మూతపడదని మేనేజర్‌కు తెలిసినప్పుడు అతని తెలివంతా ఎటు పోతుంది? మంత్రిత్వ శాఖ చుట్టూ తిరిగి బేరమాడటం మీదకు పోతుంది. ధర ఎంత కచ్చితంగా ఉన్నా, దానికి స్పందించాల్సిన అవసరమే లేనివాడికి దాంతో పనేముంది? 1972 తర్వాత సుమారు 50 పెద్ద సంస్థలను తిరిగి నేరుగా పై పర్యవేక్షణ కిందికి తెచ్చారు. అవి నష్టపోతే తట్టుకునే ధైర్యం ప్రభుత్వానికి లేకపోయింది.

రవళి_కె

నడిరేయి గారూ, చాలా థ్యాంక్స్. ఒక అనుమానం. ప్రైవేటు బ్యాంకులు, పెద్ద కంపెనీలు మునిగినప్పుడు కూడా ప్రభుత్వాలు ఆదుకుంటాయి కదా, 2008లో చూశాం. అలాంటప్పుడు ఇది సోషలిజం జబ్బు ఎలా అవుతుంది?

నడిరేయి

సోషలిజం ఒక్కదానికే వచ్చే జబ్బు కాదు, నిజమే. పెద్ద సంస్థ ఎక్కడున్నా ప్రభుత్వాన్ని భయపెడుతుంది. తేడా ఏమిటంటే, యజమానీ ప్రభుత్వమే, అప్పిచ్చేదీ ప్రభుత్వమే, దివాలా ప్రకటించాల్సిందీ ప్రభుత్వమే అయినప్పుడు 'ఇక చాలు' అని చెప్పడానికి బయటివాళ్లెవరూ మిగలరు. 2008 మినహాయింపు అయితే, అక్కడ అది రోజువారీ పద్ధతి.

భాస్కరం

అందరూ ప్రభుత్వ యాజమాన్యం గురించే మాట్లాడుతున్నారు. పనిచేసేవాళ్లే యజమానులైతే? యుగోస్లావియా పేరు ఎవరూ ఎత్తలేదే?

1948లో స్టాలిన్‌తో తెగిపోయాక వాళ్లు వేరే దారి వెతుక్కున్నారు. 1950లో చట్టం చేసి ఫ్యాక్టరీ నిర్వహణ కార్మిక మండళ్లకు ఇచ్చారు. 1965 సంస్కరణతో పెట్టుబడి నిర్ణయాలు ప్రభుత్వ నిధుల నుంచి సంస్థలకూ బ్యాంకులకూ మారాయి. 1950లు, 60లలో వృద్ధి బాగా వేగంగా ఉంది. కార్మికులకు విదేశాలకు వెళ్లే పాస్‌పోర్టు ఉంది, మండలి ఎన్నికల్లో ఓటు ఉంది, మేనేజర్‌ను ప్రశ్నించే హక్కు ఉంది. సోవియట్ కార్మికుడికి ఇందులో ఏదీ లేదు.

నడిరేయి

భాస్కరం గారూ, ఆ దేశం గురించి మీరన్నది ఒప్పుకుంటూనే సమానత్వం సంగతి చూద్దాం. ప్రైవేటు పెట్టుబడిదారుడు దాదాపు లేడు. అయినా తేడాలు పెరిగాయి. స్లొవేనియాలో తలసరి ఉత్పత్తి కొసోవోలో కన్నా 1950లలో సుమారు 4 రెట్లు ఉండేది. 1980లు ముగిసేసరికి అది 7, 8 రెట్లు అయింది. స్లొవేనియాలో నిరుద్యోగం పేరుకు మాత్రమే, కొసోవోలో విపరీతం. ఒకే పని చేసే ఇద్దరు, ఒకరు కరెంటు సంస్థలో, ఇంకొకరు బట్టల మిల్లులో ఉంటే జీతాలు వేరు. కారణం సూటిగా ఉంది. మంచి యంత్రాలు, మంచి మార్కెట్ ఉన్న సంస్థలో మిగులు ఎక్కువ, ఆ మిగులు అక్కడివాళ్లే పంచుకుంటారు. అంటే పెట్టుబడి మీద రాబడి ఎక్కడికీ పోలేదు, జీతం వేషంలో తిరిగొచ్చింది.

ఇంకా, ఉన్న సభ్యులు కొత్తవాళ్లను చేర్చుకోవడానికి తొందరపడరు. చేర్చుకుంటే వాటా తగ్గుతుంది. అక్కడ పని దొరక్క 1970ల మొదట్లో దాదాపు పది లక్షలమంది జర్మనీ లాంటి దేశాలకు వెళ్లి పనిచేశారు.

నష్టాల సంగతి సరేసరి. 1987లో బోస్నియాలోని అగ్రోకొమెర్త్స్ అనే ఆహార సంస్థ వెనక ఏ ఆస్తీ లేని ప్రామిసరీ నోట్లు కట్టలు కట్టలు రాసిస్తే బ్యాంకులు తీసుకున్నాయని బయటపడింది. ఆ బ్యాంకులను నడిపేదెవరు? అప్పు తీసుకునే సంస్థలూ స్థానిక నాయకులే. ఒక సంస్థ నష్టం ఇంకో సంస్థ బాకీ, అది బ్యాంకు బాకీ, చివరికి నోట్ల ముద్రణ. 1989కల్లా ద్రవ్యోల్బణం చేయి దాటిపోయింది.

పద్దుపుస్తకం

భాస్కరం గారు, నడిరేయి గారు చెప్పినదానికి లోపలి కోణం ఒకటి చేర్చాలనిపించింది. నేను చాలా ఏళ్లు ఒక కార్మిక సహకార సంస్థలో అకౌంట్స్ చూశాను. పేరు అనవసరం.

ప్రతి ఏడాదీ జనరల్ బాడీ మీటింగ్‌లో ఒకటే గొడవ. మిగులు పంచుకుందామా, కొత్త యంత్రం కొందామా? ముందు వరుసలో కూర్చునేవాళ్లు రెండు మూడేళ్లలో రిటైరయ్యేవాళ్లు. యంత్రం ఖర్చు తేలడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. వాళ్లు వెళ్లిపోయేటప్పుడు ఆ యంత్రంలో వాళ్ల భాగమంటూ ఏదీ చేతికి రాదు, మా బైలాస్‌లో అది లేదు. మరి చేతులెత్తి 'పంచేయండి' అనక ఏమంటారు? స్వార్థపరులని వాళ్లను తిట్టేవాళ్లు, నేనెప్పుడూ తిట్టలేదు. బైలాస్ అలా రాసి మనుషుల్ని దేవుళ్లలా ఉండమంటే కుదరదు. వెనక వరుసలో కొత్తగా చేరిన కుర్రాళ్లు మొహాలు మాడ్చుకుని కూర్చునేవాళ్లు. పాత యంత్రం మీద పదేళ్లు కష్టపడాల్సింది వాళ్లే.

సైద్ధాంతికులు దీనికి కాల పరిధి సమస్య అని పేరు పెట్టారు. పేరు ఏదైనా, మందు ఉంది. మోండ్రాగాన్‌లో ప్రతి సభ్యుడికీ సొంత మూలధన ఖాతా ఉంటుంది. మిగులులో అతని భాగం అందులో జమవుతుంది, సంస్థ దాన్ని వాడుకుంటుంది, వెళ్లేటప్పుడు అతనికి తిరిగి వస్తుంది. ఓటు మాత్రం మనిషికి ఒకటే. ఖాతా పెద్దదైతే ఓటు పెరగదు. నా దృష్టిలో ఇంత చిన్న ఏర్పాటు ఇంత పెద్ద చిక్కు తీర్చిన సందర్భాలు అరుదు.

భాస్కరం

పద్దుపుస్తకం గారూ, సరిగ్గా చెప్పారు. మోండ్రాగాన్ గురించి తెలియనివాళ్ల కోసం: స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతం. ఆరిస్మెందియారియెతా అనే క్రైస్తవ మతగురువు ముందు టెక్నికల్ స్కూల్ పెట్టాడు. అక్కడ చదివిన ఐదుగురు 1956లో స్టవ్‌ల ఫ్యాక్టరీ మొదలుపెట్టారు. 1959లో సొంత బ్యాంకు వచ్చింది. ఇప్పుడు డెబ్భై వేలకు పైగా మంది పనిచేస్తున్నారు. పెద్ద జీతానికీ చిన్న జీతానికీ తేడా మొదట్లో 3 రెట్లు, తర్వాత చాలా చోట్ల 6 రెట్ల దాకా. బయటి కంపెనీల్లో వందల రెట్లున్న కాలంలో ఇది.

గిట్టుబాటు తగ్గినప్పుడు మనుషుల్ని తీసేయరు, అందరూ జీతం కాస్త తగ్గించుకుంటారు. అమెరికా వాయవ్య తీరంలోని ప్లైవుడ్ సహకార సంస్థల మీద జరిగిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. మామూలు కంపెనీలు ధర పడితే మనుషుల్ని తగ్గించాయి, సహకార సంస్థలు ఆదాయం తగ్గించుకున్నాయి. కాబట్టి కార్మికులు నడిపితే సామర్థ్యం ఉండదన్నది నిలబడే మాట కాదు.

ఎదురీత

నిలబడే సంస్థ నిలబడుతుందన్నది నేనూ ఒప్పుకుంటా. మిగతా రెండు సంగతులు కూడా చెప్పాలి కదా భాస్కరం గారూ.

ఆ ప్లైవుడ్ సంస్థల్లో మొట్టమొదటిది 1921లో మొదలైంది. వ్యాపారం బాగుండటంతో కొత్తవాళ్లను సభ్యులుగా కాకుండా కూలికి పెట్టుకోవడం మొదలెట్టారు. సభ్యులు తగ్గుతూ, కూలివాళ్లు పెరుగుతూ పోయి చివరికి 1954లో ఒక మామూలు కంపెనీకి అమ్మేశారు. బలంగా ఉన్న సహకార సంస్థ మెల్లగా మామూలు కంపెనీ అయిపోతుంది.

మోండ్రాగాన్‌లోనే ఫాగోర్ గృహోపకరణాల సంస్థ, ఆ తొలి ఫ్యాక్టరీ వారసురాలు, 2013లో దివాలా తీసింది. మిగతా సహకార సంస్థలు చాలాకాలం డబ్బు పోసి, ఇక పోయలేమన్నాయి. సభ్యుల్లో ఎక్కువమందిని ఇతర సహకార సంస్థల్లో సర్దారు, లేకపోతే ముందుగా రిటైర్ చేశారు. పోలండ్, ఫ్రాన్స్ ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లు సభ్యులు కారు. వాళ్లకు ఆ రక్షణ లేదు.

నడిరేయి

> ఇక పోయలేమన్నాయి

ఎదురీత గారూ, మీరు దీన్ని వ్యతిరేకంగా చెప్పారు. నాకిది అనుకూలంగా కనిపిస్తోంది. హంగరీ ప్రభుత్వం అనలేకపోయిన మాట ఈ సహకార సంస్థలు అనగలిగాయి. ఎందుకంటే అది వాళ్ల సొంత ఖాతాల్లోని డబ్బు. అలా అన్నాక కూడా మనుషుల్ని రోడ్డు మీద పడేయలేదు, సభ్యులనైనా. సంస్థను మూయనిచ్చి మనిషిని కాపాడటం, ఇది కుదిరితే సామర్థ్యానికీ సమానత్వానికీ మధ్య తగువులో సగం తీరినట్టే.

సుజాత_వి

మరి మూలధనం కొద్దిమంది చేతుల్లోకి పోకుండా ఆపలేమా? అందరికీ సమానంగా షేర్లు పంచేస్తే సరిపోదా?

లెక్కల_మాస్టారు

పంచి చూశారండీ. 1992లో చెకొస్లొవేకియా జనానికి ఓచర్లు ఇచ్చింది, వాటితో ప్రభుత్వ కంపెనీల షేర్లు తీసుకోవచ్చు. ఏడాదిలో పది రెట్లు ఇస్తామని టీవీలో ఊదరగొట్టిన ఫండ్ల చేతికి జనం వాటిలో ఎక్కువభాగం అప్పగించారు. రష్యాలో అదే ఏడాది మనిషికి 10,000 రూబుళ్ల ముఖ విలువతో ఓచర్ ఇచ్చారు, దాన్ని నగదుకు అమ్ముకోవచ్చు. ధరలు మండిపోతున్న రోజుల్లో ఇంట్లో గడవనివాళ్లు వచ్చినకాడికి అమ్ముకున్నారు. నాలుగేళ్లు తిరగకుండా ఆస్తులు గుప్పెడు మంది దగ్గర తేలాయి.

అమెరికా ఆర్థికవేత్త జాన్ రోమర్ 1994లో రాసిన పథకం ఈ లొసుగు మీదే దెబ్బ కొడుతుంది. పెద్దవాళ్లైన ప్రతి ఒక్కరికీ సమానంగా కూపన్లు. కంపెనీ షేర్లు ఆ కూపన్లతోనే కొనాలి, ఒక షేరు వదిలి ఇంకోటి కొనుక్కోవచ్చు, డివిడెండ్ నగదుగా వస్తుంది. షేరును మాత్రం డబ్బుకు అమ్మడానికి వీల్లేదు. చనిపోతే ఖజానాకు తిరిగి వెళ్తుంది. అందువల్ల షేర్ల మార్కెట్ ఉంటుంది, కంపెనీ బాగా నడుస్తోందా లేదా అన్న సంకేతం ఉంటుంది. పేదవాడి వాటా డబ్బున్నవాడి చేతికి పోయే దారి మాత్రం మూసుకుపోతుంది.

ఎదురీత

తలా ఒక పిసరు షేర్లుంటే కంపెనీ మేనేజర్ మీద కన్నేసి ఉంచేదెవరు మాస్టారూ? రోమర్ ఆ పని ప్రభుత్వ బ్యాంకులకు అప్పగిస్తాడు. నడిరేయి గారి ప్రశ్న మళ్లీ మొదటికొచ్చింది. ఆ బ్యాంకు 'ఇక చాలు' అంటుందా?

నార్వే ప్రభుత్వ పెట్టుబడి ఫండ్‌ను కూడా ఎవరో ఒకరు ఉదాహరణగా తెస్తారని ముందే చెప్తున్నా. అది ప్రపంచంలోని లిస్టెడ్ కంపెనీల్లో సగటున ఒకటిన్నర శాతం వాటా పెట్టుకుని కూర్చుంది, దేశానికి చక్కటి ఆదాయం తెస్తోంది. మిగతా తొంభై ఎనిమిదిన్నర శాతంలో కాపలా కాసేవాళ్లు ఉన్నారు కాబట్టి అది సాగుతోంది. అందరూ అలా కూర్చుంటే కాపలా ఎవరిది?

తెల్లకాగితం

చైనా? అది మార్కెట్ సోషలిజం కాదా? వృద్ధి చూడండి.

నడిరేయి

వృద్ధిని కాదనలేం, కోట్లాదిమంది పేదరికం నుంచి బయటపడ్డారు. 1992లో 'సోషలిస్టు మార్కెట్ ఆర్థిక వ్యవస్థ' అని పార్టీయే ప్రకటించుకుంది. సమానత్వం సంగతి చూస్తే, అక్కడి అధికారిక లెక్కల ప్రకారమే 2008లో జీనీ సూచిక 0.49. (ఆదాయాల్లో తేడాను 0 నుంచి 1 దాకా కొలిచే సూచిక ఇది, ఎంత ఎక్కువైతే తేడా అంత ఎక్కువ.) ఇంకో సంగతి తక్కువమంది గమనిస్తారు. 1994 నుంచి 2007 దాకా అక్కడి కేంద్ర ప్రభుత్వ సంస్థలు యజమానికి, అంటే ప్రభుత్వానికి, డివిడెండ్ కట్టలేదు. లాభాలు సంస్థల్లోనే ఉండిపోయాయి. ఆస్తి పేరుకు జనానిది, రాబడి మాత్రం జనానికి రాలేదు. లాంగే చెప్పిన సామాజిక డివిడెండ్ లేకపోతే ఉమ్మడి యాజమాన్యం కాగితానికే పరిమితం. అందుకే దాన్ని ఈ చర్చకు నమూనాగా తీసుకోను.

పద్దుపుస్తకం

రవళి గారి ప్రశ్నకు నాకు అన్నిటికన్నా దగ్గరగా కనిపించేది స్వీడన్. విచిత్రంగా దాన్ని ఎవరూ ఎత్తలేదు.

1951లో అక్కడి కార్మిక సంఘాల సమాఖ్య ముందుకు దాని ఆర్థికవేత్తలు యోస్తా రేన్, రుడాల్ఫ్ మైడ్నర్ ఒక పద్ధతి తెచ్చారు. ఒకే పనికి దేశమంతా ఒకే జీతం. కంపెనీకి లాభమొచ్చిందా నష్టమొచ్చిందా అన్నదాంతో పనిలేదు. ఇందులో కిటుకు చూడండి. నష్టాల్లో కునారిల్లే కంపెనీ 'మేం తక్కువ జీతమిచ్చి బతుకుతాం' అనడానికి వీల్లేదు. ఇవ్వలేకపోతే మూసుకోవాల్సిందే. మూతపడితే అందులో పనిచేసినవాళ్లకు ప్రభుత్వం శిక్షణ ఇచ్చి, ఇల్లు మారడానికి సాయం చేసి, బాగా నడుస్తున్న కంపెనీల్లో చేర్పిస్తుంది. అంటే సమానత్వమే అసమర్థ సంస్థను బయటికి నెడుతోంది. యుగోస్లావియాలో సంస్థ మిగులును బట్టి జీతం మారితే, ఇక్కడ జీతం సమానం, మిగులు మారుతుంది.

అయితే సమర్థమైన కంపెనీల్లో ఆ మిగులు పోగుపడటం మొదలైంది. ఎక్కువ ఇవ్వగలిగిన కంపెనీ కూడా అందరితో సమానంగానే ఇస్తోంది, లాభం యజమానికి పోతోంది. కార్మికులు తగ్గించుకున్నది వాటాదార్లకు చేరుతోంది. మైడ్నర్ 1970ల మధ్యలో దీనికి మందు రాశాడు: పెద్ద కంపెనీలు ఏటా లాభంలో 20 శాతానికి సరిపడా కొత్త షేర్లు జారీ చేసి కార్మికుల ఉమ్మడి నిధులకు ఇవ్వాలి. డబ్బు కంపెనీ దాటి బయటికి పోదు, పెట్టుబడి తగ్గదు. యాజమాన్యం మాత్రం కొన్ని దశాబ్దాల్లో చేతులు మారుతుంది. లాభం ఎంత ఎక్కువైతే అంత త్వరగా.

భాస్కరం

అమలైందా?

పద్దుపుస్తకం

కోరలు తీసేసి అమలు చేశారు. 1983 అక్టోబర్ 4న స్టాక్‌హోమ్‌లో వ్యాపారులు వేలకు వేలుగా వీధుల్లోకి వచ్చి వ్యతిరేకించారు. ఆ డిసెంబర్‌లో చట్టమైంది కానీ షేర్ల జారీ పోయి, మామూలు పన్నుతో నడిచే ఐదు చిన్న నిధులు మిగిలాయి. 1991లో ప్రభుత్వం మారాక వాటినీ ఎత్తేశారు. సాధారణ కార్మికుడికి కూడా ఆ నిధి తనదన్న భావన కలగలేదు. యూనియన్ పెద్దలు ఎక్కడో కూర్చుని నడిపే మరో ఆఫీసులా కనిపించింది. నా మనసుకు కష్టం కలిగించేది అదే. లెక్క కుదిరిన పథకం, దాన్ని తనదనుకుని కాచుకునేవాళ్లు లేక పోయింది.

రవళి_కె

ఈ చర్చలో నాకు దొరికింది ఏ ఒక్క పుస్తకంలోనూ దొరకలేదు. పేపర్ ఎలా నడపాలో ఇప్పుడు కాస్త స్పష్టత వచ్చింది. నేను తీసుకుంటున్న వైఖరి చెప్తాను, తప్పయితే ఆపండి.

సరుకుల మార్కెట్‌తో ఉమ్మడి యాజమాన్యానికి పెద్ద పేచీ లేదు. ధరలు కట్టడం, వాటిని చూసి ఉత్పత్తి చేయడం హంగరీలో కూడా ఎంతో కొంత సాగింది. చిక్కు పెట్టుబడి దగ్గర. ఏ సంస్థను మూయాలి, ఏ కొత్త ఆలోచనకు డబ్బివ్వాలి అన్న రెండు నిర్ణయాలు ఎవరివి అన్నదే సామర్థ్యం ప్రశ్న. సమానత్వంలో కూడా రెండు పొరలున్నాయి. ఆస్తి రాబడిలో తేడాను రోమర్, మైడ్నర్ పద్ధతులు తగ్గించగలవు. జీతాల్లో తేడా దానంతటదే పోదు, దానికి స్వీడన్ లాంటి జీతాల ఒప్పందం వేరుగా కావాలి. ఈ రెండూ కలిపి, మోండ్రాగాన్ లాంటి ఖాతాలతో, మూతపడ్డ సంస్థలోని మనిషిని కాపాడే ఏర్పాటుతో ఒక వ్యవస్థ ఉంటే అది కుదురుతుందని నా వాదన. ఇప్పటిదాకా ఈ ముక్కలు వేర్వేరు దేశాల్లో విడివిడిగా ఉన్నాయి.

ఎదురీత

ఆపను గానీ ఒకటి అడుగుతా. ఇరవై ఐదేళ్ల అమ్మాయి, చేతిలో కొత్త యంత్రం డిజైన్. ఉన్న కంపెనీలన్నీ అది పనికిరాదన్నాయి. నీ వ్యవస్థలో ఆమె ఎన్ని తలుపులు తట్టొచ్చు? ప్రైవేటు డబ్బున్నచోట ఇరవైమంది కాదన్నా ఇరవై ఒకటోవాడు ఊ అంటే చాలు. ప్రభుత్వ బ్యాంకు ఒకటే ఉంటే మొదటి 'కాదు' చివరి 'కాదు'.

రవళి_కె

అందుకే ఒక బ్యాంకు కాదు, ఒకదానితో ఒకటి పోటీపడే చాలా ప్రజా బ్యాంకులు, సహకార బ్యాంకులు ఉండాలంటాను. వాటి సిబ్బంది జీతం వాళ్లిచ్చిన అప్పులు తేలడాన్ని బట్టి ఉండాలి. చిన్న స్థాయి వరకు సొంత డబ్బుతో కంపెనీ పెట్టుకోనివ్వాలి. ఒక పరిమాణం దాటాకే ఉమ్మడి యాజమాన్యంలోకి, తగిన పరిహారంతో.

ఎదురీత

చాలా బ్యాంకులన్నది ఒప్పుకోదగ్గదే. ఆ పరిమాణం గీత దగ్గర మాత్రం ఆలోచించు. గీత కిందే ఆగిపోవాలని చూసే కంపెనీలు తయారవుతాయి. ఎదగగలిగినవి ఎదగడం మానేస్తే సామర్థ్యం అక్కడే పోతుంది.

పద్దుపుస్తకం

ఎదురీత గారూ, ఆ గీత ఒక్కసారిగా కాకుండా మైడ్నర్ పద్ధతిలో పెట్టొచ్చు. కంపెనీ పెరిగేకొద్దీ ఏటా కొంత శాతం షేర్లు ఉమ్మడి నిధికి. ఏ ఒక్క రోజూ గోడ అడ్డురాదు. మొదలుపెట్టిన మనిషికి తొలి పదేళ్ల ఫలం దాదాపు పూర్తిగా దక్కుతుంది. రవళి గారూ, ఆ శాతం ఎంతైతే ఎదుగుదల ఆగకుండా ఉంటుందో ఒక చిన్న నమూనా లెక్క వేసి పేపర్‌లో పెట్టండి. వృద్ధి రేటు, లాభం రేటు, షేర్ల శాతం మూడూ మారుస్తూ. స్ప్రెడ్‌షీట్ కావాలంటే నేను తయారు చేసి పంపుతాను.

లెక్కల_మాస్టారు

ఆ లెక్కలో నష్టం వచ్చే ఏడాదులు కూడా పెట్టు రవళీ. లాభాల ఏడాదులతోనే నమూనా వేస్తే ఏ పథకమైనా బాగానే కనిపిస్తుంది.

రవళి_కె

తప్పకుండా మాస్టారూ. పద్దుపుస్తకం గారూ, స్ప్రెడ్‌షీట్ పంపండి. ఈ ఆదివారానికి మొదటి లెక్క ఇక్కడే పెడతాను.